ఖాళీ ఫ్లాష్

జూన్ 4, 2007

మా గిలక్కాయకి,

మామయ్య ఆశీస్సులు. ముప్పై మూడేళ్ళు వచ్చినా ఇంకా గిలక్కాయ ఏమిటని మీ ఆయన నవ్వుతాడేమో. నవ్వనీ. నాలుగేళ్ళప్పుడు నోరు మూయకుండా వాగినందుకు పెట్టిన పేరది. వాగడం మానేసిన రోజు తీసేద్దాం.

నువ్వు పంపిన సీడీ అందింది. దాన్ని పెట్టి చూసే యంత్రం మా ఇంట్లో లేదు కాబట్టి స్టూడియో పక్కనున్న జిరాక్సు షాపుకి పట్టుకెళ్ళాను. అక్కడి అమ్మాయి కంప్యూటరులో పెట్టి, "నాలుగొందల పన్నెండు ఉన్నాయండీ, అన్నీ చూస్తారా?" అంది. పాప పుట్టినరోజు ఒక్క పూటే కదా జరిగింది? కొవ్వొత్తి ఊదుతున్నవే ముప్పై ఏడు లెక్కపెట్టాను. ముప్పై ఏడింటిలోనూ కొవ్వొత్తి వెలుగుతూనే ఉంది. అన్నీ చూసేసరికి గంటన్నర పట్టింది, నాకు మెడ పట్టేసింది. ఇంటికొచ్చాక మీ అత్తయ్య "పాప ఎలా ఉంది, ఎవరి పోలిక?" అంటే ఒక్క ఫొటో కూడా గుర్తు రాలేదు. ముప్పై ఆరు ఫొటోల రీలు పెట్టుకుని వారం లాక్కొచ్చినవాణ్ణి, అన్నీ ఒక్కసారి మింగుడుపడలేదు. ఈసారి నాలుగు పంపు చాలు. ఏ నాలుగో నువ్వే తేల్చుకో. మేము ఆ తేల్చుకునే పనికే జీవితమంతా తలబద్దలు కొట్టుకున్నాం.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నా చెవుల సంగతి నీకు తెలుసు. పోయినసారి నువ్వు ఫోనులో అరిచినవన్నీ మా వీధిలో అందరూ విన్నారు, నేను తప్ప.

ఇక అసలు సంగతి. స్టూడియో మూసేస్తున్నాను. రీళ్ళు కడిగించుకునేవాళ్ళు పోయిన ఏడాదితోనే అయిపోయారు. పాస్‌పోర్టు సైజువి కూడా పక్క షాపు అమ్మాయి ఐదు నిమిషాల్లో తీసిచ్చేస్తోంది. నేను మర్నాడు రమ్మంటే ఎవరొస్తారు? నెలాఖరుకి గది ఖాళీ చేయాలి. చీకటిగదిలో నలభై పెట్టెల నెగటివులున్నాయి. పాత ఫిల్ములు కొనుక్కెళ్ళి, ఏదో మందులో నానబెట్టి, వాటిలో ఉన్న వెండిని తీసుకునే మనిషి ఒకడున్నాడు. అతనికి ఇచ్చేస్తానన్నాను. పెళ్ళికొడుకులు, పెళ్ళికూతుళ్ళు, బోసినవ్వుల పిల్లలు అందరూ కలిసి ఒక వెండి ముద్ద అవుతారట. అనుకుంటే కొంచెం బాధగానే ఉంది. మీ అత్తయ్య మాత్రం ఇంట్లోకి ఒక్క పెట్టె కూడా తేవద్దంది.

నీ మామయ్య

*

జూన్ 11

మామయ్యా,

నీకూ అత్తయ్యకూ నమస్కారాలు. ముందు ఆ వెండి మనిషిని గుమ్మం దగ్గరే ఆపు. మిగతా ఉత్తరం తర్వాత చదువుకో.

ఆపావా? సరే. నాలుగొందల పన్నెండుకే నీ మెడ పట్టేస్తే నా ఉద్యోగం నువ్వు ఒక్కరోజు చేయలేవు. మొన్న శుక్రవారం నూట నలభై తీశాను. అన్నీ సొట్టలే. గుద్దుకున్న కారు కనబడితే చాలు, ఎడమనుంచి, కుడినుంచి, కిందనుంచి, దగ్గరగా, దూరంగా తీయాలి. ఇదివరకు మా ఇన్సూరెన్సు సర్వేయర్లు కారుకి నాలుగు ఫొటోలు జతచేస్తే సరిపోయేదట. ఇప్పుడు నలభై ఉన్నా "ఇంకో కోణం లేదా?" అంటారు. సాయంత్రం అన్నీ కంప్యూటరులోకి ఎక్కించి, కార్డు చెరిపేసి, మర్నాడు కొత్త సొట్టల దగ్గరికి పోవడమే. రోజంతా ఫొటోలు తీసేదాన్ని పట్టుకుని నాలుగు పంపమంటే ఎలా?

ఇప్పుడు నా గొడవ విను. పాపకి ఒక పిచ్చి పట్టుకుంది. ఏం చెప్పినా "ఫొటో చూపించు" అంటుంది. దాని పుట్టుకనుంచీ తీసిన మరుక్షణం కెమెరా వెనక చూసుకోవడమే అలవాటు. పళ్ళు తోముకున్నావా అని అడిగితే, "తోముకున్నాను, నువ్వే ఫొటో తీయలేదు" అని నా మీదకే వస్తుంది. నిన్న దానికి తల దువ్వుతూ, మా అమ్మ కూడా నాకు ఇలాగే దువ్వేదని చెప్పాను. "నీకు అమ్మ లేదు కదా" అంది. ఉండేది అన్నాను. "అయితే చూపించు" అంది. అమ్మ ప్రెస్సు గుర్తింపు కార్డు మీద ఉన్న ఫొటో తెచ్చి చూపించాను. అటూ ఇటూ తిప్పి, "ఇందులో నువ్వు లేవు. ఈవిడ ఎవరో" అనేసి బొమ్మల దగ్గరికి పోయింది. ఐదేళ్ళ పిల్ల మాటకి ఏడవకూడదని తెలుసు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

అమ్మా నేనూ కలిసి ఉన్న ఫొటో ఒక్కటే ఉంది, అది నీ దగ్గర ఉంది. అమ్మ పనిచేసే ప్రెస్సుకి పాతికేళ్ళు నిండాయని యజమాని ఫంక్షను చేశాడు కదా, నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ పక్కింటివాళ్ళ దగ్గర నీలం చీర అడిగి తెచ్చుకుని కట్టుకుంది. కాగితాల గోదాము ముందు మమ్మల్ని నిలబెట్టావు. లేచి నిలబడ్డ నా జుట్టుని అమ్మ అరచేత్తో అదిమి పట్టుకుంది. నువ్వు కెమెరా కంటికి ఆనించి "కదలకండి" అన్నావు. ఫ్లాష్ వెలిగింది. ఆ తర్వాత కాసేపు ఎటు చూసినా నాకు పచ్చటి చుక్కలే కనబడ్డాయి. ఇంత బాగా గుర్తున్న ఫొటోని నేను ఒక్కసారి కూడా చూడలేదంటే నమ్ముతావా?

అది వెతికి పెట్టు మామయ్యా. పెద్దగా చేయించి ముందుగదిలో పెట్టుకుంటాను. ఇదుగో మా అమ్మ, ఇదుగో నేను అని దానికి చూపించాలి.

నీ గిలక్కాయ

*

జూన్ 19

గిలక్కాయకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం వచ్చి నాలుగు రోజులైంది. మీ అత్తయ్య మోకాళ్ళకి నూనె రాయడం, స్టూడియోలో సామాను సర్దడం, వీటితోనే సరిపోతోంది. వెనకాల వేలాడదీసే తెరలు మూడూ ఉతికాను. సముద్రం బొమ్మ తెర ఉతికేసరికి సముద్రం పోయి గుడ్డ మిగిలింది. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టే గుండ్రటి స్టూలుని జిరాక్సు షాపు అమ్మాయి అడిగింది, ఇచ్చేశాను.

నువ్వడిగిన నెగటివు సంగతి. వెతుకుతున్నాను. అయితే పెద్దగా ఆశ పెట్టుకోకు. పోయిన వానాకాలం చీకటిగదిలో కప్పు కారింది. ఆ సంవత్సరాల పెట్టెలు అటువైపే ఉన్నాయి. తడిస్తే ఫిల్ములు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీస్తే బొమ్మ ఊడొస్తుంది. పైగా ఇరవై నాలుగేళ్ళ కిందటి మాట.

నాకో ఆలోచన వచ్చింది. ప్రెస్సు కార్డు ఫొటో తీసింది నేనే, దాని నెగటివు భద్రంగా ఉంది. అది పెద్దది చేయిస్తాను. నీ చిన్నప్పటి ఫొటో ఒకటి ఇస్తే, మీ అమ్మ పక్కన నిన్ను నిలబెట్టి, అతుకు తెలియకుండా కలిపిస్తానని జిరాక్సు షాపు అమ్మాయి అంటోంది. కంప్యూటరులో అది పది నిమిషాల పనట. పాపకి తేడా తెలియదు.

పాప ఫొటోలు నాలుగు పంపమన్నాను, మర్చిపోకు.

నీ మామయ్య

*

జూన్ 25

మామయ్యా,

అతికించిన అమ్మ నాకు వద్దు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాకు రెండు అనుమానాలు వచ్చాయి. దాచుకోవడం నాకు చేతకాదు, రాసేస్తున్నాను. ఒకటి, నా ఉత్తరం అందేలోపే ఆ పెట్టె వెండి మనిషికి వెళ్ళిపోయింది, నాతో చెప్పడానికి నీకు మొహం చెల్లడం లేదు. అదే అయితే చెప్పెయ్. అతని దగ్గరికి నేనే వెళ్ళి బతిమాలుకుంటాను. రెండోది, నీకు నా మీద కోపం. పోయిన ఎండాకాలం అందరి ముందూ నీ కెమెరా తీసి చూపించి, "ఇది ఇంక మ్యూజియానికే" అన్నాను. అందరూ నవ్వారు, నువ్వు కూడా నవ్వావు. కానీ ఆ తర్వాత ఆ రెండు రోజులూ నువ్వు కెమెరా బయటికి తీయలేదు. బస్సెక్కాక నాకు తట్టింది. అదే కారణమైతే చెవులు పట్టుకుని తప్పు ఒప్పుకుంటున్నాను. నా నోటి సంగతి నీకు తెలియనిదా?

తడిసింది, కారింది అంటే మాత్రం నేను నమ్మను. అన్నం తినడం మర్చిపోయినా నువ్వు నెగటివు పాడుచేయవు. వేలిముద్ర పడుతుందని నన్ను ఆ గదిలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడమనేవాడివి.

కాబట్టి ఇంక నువ్వు కష్టపడకు. రెండు రోజులు సెలవు పెట్టాను. శనివారం పొద్దున్న బస్సుకి పాపని తీసుకుని వస్తున్నాను. నలభై పెట్టెలూ నేనే వెతుకుతాను. లైటు ముందు పెట్టి ఒక్కో ఫిల్మూ చూస్తాను. పాపకి అప్పుడే చెప్పేశాను, అమ్మమ్మ ఫొటో తాతయ్య దగ్గరుంది, శనివారం చూద్దువుగాని అని. అది గంటకోసారి "ఇవాళ శనివారమా?" అని అడుగుతోంది.

అత్తయ్యకి మోకాలి పట్టీ తెస్తున్నాను. కొలత తెలియదు, మధ్యరకం కొన్నాను.

నీ గిలక్కాయ

*

జూన్ 28

అమ్మా,

ఇది కొరియరులో పంపుతున్నాను. శనివారం నువ్వు బస్సెక్కేలోపు చేరాలి.

పెట్టె తడవలేదు. ఎవరికీ ఇవ్వలేదు. నీ మీద కోపమూ లేదు. ఆ ఫొటో లేదు. నేను తీయలేదు.

ఫ్లాష్ వెలిగింది కదా అంటావు. వెలిగింది. ఫ్లాష్ వెనక ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని నొక్కితే వెలుగు వస్తుంది, కెమెరాలో ఫిల్ము మాత్రం కదలదు. మా పనిలో దీన్ని ఖాళీ ఫ్లాష్ అనేవాళ్ళం. ఫంక్షన్లలో అందరూ "మాదొకటి, మాదొకటి" అని మీద పడతారు. కాదంటే అలుగుతారు, అందరికీ తీస్తే రీలు చాలదు. వాళ్ళని నిలబెట్టి, చుబుకం పైకెత్తమని, నవ్వమని, ఖాళీ ఫ్లాష్ కొట్టేవాళ్ళం. సంతోషంగా వెళ్ళిపోయేవాళ్ళు. తర్వాత ఎవరైనా వచ్చి అడిగితే "సరిగ్గా రాలేదండీ" అంటే అయిపోయేది. నేను ఒక్కణ్ణే కాదు, చాలామంది చేశారు. అలా అంటే నా తప్పు తగ్గదని తెలుసు.

ప్రెస్సు యజమాని మూడు రీళ్ళకి ఒప్పుకున్నాడు. మొత్తం నూట ఎనిమిది ఫొటోలు. ఎవరెవరివి తీయాలో పెద్దవాళ్ళ పేర్లతో జాబితా కూడా ఇచ్చాడు. మీరు నిలబడ్డప్పుడు కెమెరాలో ఇంకా పద్నాలుగు మిగిలే ఉన్నాయి. అవి ఉపన్యాసాల కోసం దాచాను. ఖాళీ ఫ్లాష్ ఎవరికి కొట్టాలో మాకు ఒక లెక్క ఉండేది. మళ్ళీ వచ్చి అడగనివాళ్ళకి కొట్టాలి. మీ అమ్మ అడగదని నాకు తెలుసు.

మనవాళ్ళే కదా, ఎప్పుడైనా తీయొచ్చు అనుకున్నాను. ఆ తర్వాత అక్క ఆరేళ్ళు బతికింది. నా స్టూడియో అక్కడే ఉంది, నా చేతిలో కెమెరా ఉంది. ఎంతమందినో తీశాను. అక్కని నీతో కూర్చోబెట్టి ఒక్కటి తీయలేదు. ఆమె పోయిన రోజున ఎవరో "మంచి ఫొటో ఉంటే ఇవ్వండి" అన్నారు. స్టూడియోకి వెళ్ళి తలుపేసుకుని వెతికాను. ఆ ప్రెస్సు కార్డు ఫొటో ఒక్కటే దొరికింది. అది కూడా ప్రెస్సువాళ్ళు తీయమంటే తీసిందే.

నీ కెమెరా వెనకున్న ఆ చిన్న తెరని చూసి నేను ఎకసెక్కాలాడాను. ఆ రోజు నా కెమెరాకి అలాంటిదుంటే నువ్వు "చూపించు మామయ్యా" అని పరిగెత్తుకొచ్చేదానివి. నేను అక్కడికక్కడే దొరికిపోయి, సిగ్గుపడి, నిజంగా తీసేవాణ్ణి. మీ కెమెరాలు వచ్చాక ఖాళీ ఫ్లాష్ అన్నదే లేకుండా పోయింది. మిగతా విషయాల్లో నేను వాటితో దెబ్బలాడతానుగానీ, ఇందులో మాత్రం నోరెత్తను.

నీకు తెలుస్తుందని ఈ నెలంతా భయపడ్డాను. తడిసిందని, అతికిస్తానని అబద్ధాలు రాశాను. పాపకి ఏం చెబుతావో తెలియడం లేదు. అది నా దగ్గరుందని నీకు ఎవరు చెప్పారో కూడా నాకు తెలియదు. నేనైతే ఎప్పుడూ చెప్పలేదు.

మామయ్య

*

జూలై 9

మామయ్యా,

శనివారం టిక్కెట్లు రద్దు చేసుకున్నాను. పాప రోజంతా అలిగి పడుకుంది.

ఇన్నాళ్ళూ నీకు రాయలేకపోయాను. కారు సొట్టని ఫొటో తీస్తుంటే కూడా గుర్తొచ్చేది. కారుకి నలభై తీస్తున్నాను, అమ్మకి నువ్వు ఒక్కటి మిగల్చలేకపోయావు. పద్నాలుగు ఉన్నాయని నువ్వే రాశావు. అది రాయకుండా ఉండాల్సింది.

ఎవరు చెప్పారని అడిగావు. అమ్మే చెప్పింది. ఫంక్షను అయ్యాక మన ఫొటో ఏదని నేను రోజూ అడిగేదాన్ని. "మామయ్య దగ్గరుంది. ఎంత బాగా వచ్చిందంటే, ఎవరికీ ఇవ్వబుద్ధి కాక తన దగ్గరే ఉంచేసుకున్నాడు" అంది. ఒకసారి కాదు, అడిగినప్పుడల్లా అదే మాట. నేను బడిలో అందరికీ చెప్పుకున్నాను, మా మామయ్యకి నా ఫొటో అంటే అంత ఇష్టమని.

నన్ను మోసం చేసినందుకు కాదు నాకు బాధ. నేను తొమ్మిదేళ్ళ పిల్లని, పోనీ. అమ్మని కూడా మోసం చేశావు. పక్కింటి చీర అడిగి కట్టుకుని నీ ముందు నిలబడింది. పాపం, ఆ ఫొటో ఉందనే అనుకుంటూ పోయింది.

అత్తయ్యకి పట్టీ సరిపోయిందో లేదో చెప్పు. పోస్టులో పంపాను. కోపం నీ మీదే, ఆవిడ మీద కాదు.

గిలక్కాయ

*

జూలై 15

గిలక్కాయకి,

పట్టీ సరిపోయింది. మీ అత్తయ్య దాన్ని కట్టుకుని నాతో మాట్లాడటం మానేసింది. నీ ఉత్తరం ఆవిడకి కూడా చూపించాను.

స్టూడియో ఖాళీ చేశాను. పెట్టెలు వెండి మనిషికి ఇవ్వలేదు, మంచం కింద, బీరువా మీద, మెట్ల కింద పెట్టాను. అత్తయ్య దానికి కూడా ఏమీ అనలేదు. నువ్వు రాసింది నిజమే అనిపించింది. అక్కని మోసం చేశాను. నూట ఎనిమిదిలో కనీసం ఎవరి వెనకైనా, ఏ మూలైనా మీరిద్దరూ పడ్డారేమో చూద్దామని నిన్న ఆ ప్రెస్సు కవరు తీశాను. అందులో మీరు లేరని తెలుసు కాబట్టి ఇరవై నాలుగేళ్ళుగా దాన్ని విప్పలేదు.

ఒక్కో ఫిల్మూ కిటికీ వెలుతురులో పెట్టి భూతద్దంతో చూశాను. మూడు గంటలు పట్టింది. మీరు లేరు. గోదాము గోడ ఉంది, దాని ముందు ఎవరెవరో ఉన్నారు.

కవరులో ఫిల్ములతోపాటు మడతపెట్టిన కాగితం ఒకటి ఉంది. అది చూశాక నాకు అంతా గుర్తొచ్చింది. ఆ ఫంక్షను నెగటివులు కోసింది నేను కాదు, మీ అమ్మ. యజమాని మర్నాటికల్లా కావాలని తొందరపెడితే సాయానికి పిలిచాను. బైండింగులో పనిచేసిన చెయ్యి కదా, గీత గీసినట్టు కోసేది. రీలుని ఆరారు ఫొటోల ముక్కలుగా కోసి, పల్చటి కాగితంలో చుట్టి, ఏ నంబరులో ఎవరున్నారో రాసిపెట్టమన్నాను. ప్రెస్సువాళ్ళందరూ ఆమెకి తెలిసినవాళ్ళే. బల్ల ముందు కూర్చుని, బల్బు వెలుగులో ఒక్కోటి చూసుకుంటూ నూట ఎనిమిదీ రాసింది. నేను అవతల గదిలో ప్రింట్లు వేస్తున్నాను. అయ్యాక కవరు నా చేతికిచ్చి, "కాగితం ఒకసారి చూసుకోరా" అంది. నేను చూడకుండానే పెట్టెలో పడేశాను.

నిన్న చూశాను. ఒకటి, యజమాని, ఆయన భార్య. రెండు, యజమాని తల్లి. అలా అందరి పేర్లూ వరసగా ఉన్నాయి. రెండో రీలులో ఇరవై రెండుకీ ఇరవై మూడుకీ మధ్య ఒక వరసకి నంబరు లేదు. అక్కడ ఇలా రాసి ఉంది: "నేను, గిలక్కాయ. ఇద్దరమూ కళ్ళు మూయలేదు."

ఫ్లాష్ పడగానే కళ్ళు మూస్తున్నారని ఆ రోజంతా నేను అందరి మీదా విసుక్కున్నాను.

ఆమెకి తెలుసమ్మా. ఒక్కోటీ చూసి, అందులో మీరిద్దరూ లేరని తెలుసుకుని, నేను పక్క గదిలో ఉండగానే అది రాసింది. నన్ను పిలిచి అడగలేదు. నేను కాగితం చూసుకుంటే సిగ్గుపడి మళ్ళీ తీస్తానని అనుకుందేమో. నేను చూడలేదు. నీ దగ్గర మాత్రం నన్ను తక్కువ చేయలేదు. బాగా వచ్చిందని, ఇష్టంకొద్దీ దాచుకున్నానని చెప్పింది. నువ్వు నన్ను ఇన్నేళ్ళు ప్రేమగా చూశావంటే ఆమె చెప్పిన ఆ అబద్ధం వల్లే. మోసపోయింది మీ అమ్మ కాదు. నేను పెద్ద తెలివైనవాణ్ణని అనుకుంటూ తిరిగాను. నిన్న ఆ కాగితం పట్టుకుని చాలాసేపు ఏడ్చాను. అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది.

కాగితం ఈ కవరులోనే పెడుతున్నాను. అసలుదే, జిరాక్సు కాదు. మడత దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది, మెల్లగా విప్పు. పాప ఫొటో అడిగితే ఇది చూపించు. ఇది తాతయ్య తీయని ఫొటో అని చెప్పు. ఎందుకు తీయలేదో కూడా దాచకుండా చెప్పు.

ఇట్లు,
మీ అమ్మ తమ్ముడు